చుక్క మింగిన మాటలు

“ఆ కొండలరావు నోట్ల మన్నువడ! మా గుండ్లకుంటల నలభై మూడు మందికి ముప్పై తొమ్మిది మంది భూములిస్తమని ఒప్పుకున్నరట. ఎవడొప్పుకున్నడు చిన్నాయనా? ఎప్పుడొప్పుకున్నడు?”

“మెల్లగ మాట్లాడు సత్తీ. హోటలోడు మనదిక్కే జూస్తున్నడు.”

“జూడనీ. కుర్సీల కూసొని, పాన్ నములుకుంట, ‘నేను చెప్పలేదురా, మిషన్ చెప్పింది, మిషన్‌కు నీకేం పగ’ అంటడు. భూముల ఆఫీసుల గుమస్త గానికి అంత నవ్వెందుకొస్తది?”

తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటలు, మధ్యాహ్నం రెండు దాటింది. నాలుగో తరగతితో బడి ఎగ్గొట్టి, నలభై ఆరేళ్ళ దాకా ఎవరి కిందో ఒకరి కింద చీపురు పట్టిన సత్తయ్య ఒకపక్క. అతని తండ్రికి తమ్ముడు లచ్చయ్య ఇంకోపక్క. మధ్యలో రెండు చాయ్‌లు మీగడ కట్టి కూర్చున్నాయి.

“నేను జెప్పింది నాకు మంచిగ యాదున్నది. ఆఫీసుల ఫారం మీద ఒక్కటే లైను ఉన్నదట, ‘నీ మాట ఏందో గీడ జెప్పు తాతా, రాస్త’ అన్నడు ఆడ రాసే పోరడు. ‘నా పానం పోయినా సరే భూమి ఇచ్చే ముచ్చట లేదు’ అన్న. రాసి, సదివి ఇనిపిచ్చిండు. ఏలుముద్ర ఏసిన. అది ఒప్పుకున్నట్టు ఎట్లయితది?”

“గదే గద నేనడిగేది.”

“నువ్వేం రాసినవు?”

“నాది ఇడిశిపెట్టు, లెక్క జూడు. సగానికి ఎక్కువ మంది, అంటే ఇరవై ఇద్దరు, ఇయ్యం అంటే ఊరి జోలికి రారు. సర్కారు కాలనీని అవుతలి బంజర్ల కడ్తరు. నోటీసుల అచ్చుగుద్ది ఇచ్చిండ్రు గద. ఇప్పటికైతె ఫోన్ల జెప్పిండ్రు గని, నాలుగు గంటలకు జీపొచ్చి మిషను కాడికెల్లి లిస్టు పట్కపోతది. పోయిందంటే ఒడిసిపోయినట్టే.”

“ఆ మిషను మీ యూనివర్సిటీలనే ఉన్నదంటివి.”

“ఆ. నేనే తుడుస్త దాన్ని. పార్థసారథి సార్ నడిపిస్తడు. ఆయనను పట్టుకొని, మళ్ళొకసారి మిషన్ల ఎయ్యమంట. నువ్వు ఇంటికి పో.”

“నేనొస్త.”

“ఎండల ఎందుకే నీకు?”

“నా భూమి. నేనొస్త.”

“సార్ కోస్తాయన, తిక్కమనిషి. కొత్తోళ్ళను లోపల్కి రానియ్యడు. చెప్పులిడువాలె, దగ్గొద్దు, తుమ్మొద్దు, బీడీ ముట్టియ్యొద్దు...”

“దగ్గను, తుమ్మను. బీడీ నీ జేబుల పెట్టుకో. నడువు.”

*

యూనివర్సిటీలో కంప్యూటర్ మిషను గది. బయట రోళ్ళు పగిలే ఎండ, లోపల మాఘమాసం.

“చెప్పులు, చెప్పులు! ఎవరయ్యా ఈ పెద్దాయన?”

“మా చిన్నాయన సార్, లచ్చయ్య. గుండ్లకుంట.”

“నమస్తే సారూ. ఏం సల్లగున్నదే! మనిషికి ఇసనకర్ర దిక్కులేదు గని, దీనికి ఇంత సుకమా?”

“దానికి వేడి పడదు పెద్దాయనా. సత్తయ్యా, ఇవాళ నన్ను కదిలించకు. రేపు ఢిల్లీ నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారు, వాళ్ళకు ఆట చూపించాలి. ఇంకా సగం సర్దలేదు.”

“గుండ్లకుంట లిస్టు సార్...”

“అది నా చేతుల్లో లేదు. ఆఫీసు ఫారాలు పంపింది. మా టైపిస్టు విశాలాక్షి గారు ఒక్కో ఫారంలో మాట ఒక్కో కార్డు మీద చిల్లులుగా కొట్టారు. మిషన్ చదివింది. లిస్టు వచ్చింది. ఇందులో నేనెక్కడున్నాను?”

“తప్పొచ్చింది సార్. మళ్ళొకసారి ఎయ్యుండ్రి.”

“నూరుసార్లు వేసినా అదే వస్తుంది.”

“సారూ, మిషను సంగతి మాకెర్క లేదు. మా ఫారాల కట్ట ఉన్నదా? తీసి సదువుండ్రి, ఇంటం.”

“కట్ట ఎందుకు చిన్నాయనా! సార్‌కు పనుంటది. మిషన్ల ఏస్తె సాలు. మిషన్లనే ఎయ్యుండ్రి సార్.”

“రెండూ కుదరవు. చెప్పాను కదా, ఆట ఉంది.”

“ఏం ఆట సారూ? మిషన్లు గూడ ఆడతయా?”

“ఆడకేం! రండి, ఇలా కూర్చోండి. మీలాంటివాళ్ళు ఆడితేనే దీని సంగతి తెలిసేది. ఇదొక పాడుబడ్డ కోట. లోపలెక్కడో నిధి ఉంది. మీరు ఎక్కడున్నారో, ఎదురుగా ఏముందో ఈ టైపుమిషన్ కొట్టి చెబుతుంది. మీరేం చేస్తారో మీరు నోటితో చెప్పండి, నేను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే కొడతాను. అది చదువుకుని మిమ్మల్ని నడిపిస్తుంది. మీ సత్తయ్య ఆర్నెల్ల నుంచి ఆడుతున్నాడు.”

“ఆర్నెల్లా! సత్తీ, నౌకరి జేస్తున్న అంటివి గదరా ఇంట్ల?”

“గిది గూడ నౌకరే చిన్నాయనా. సార్, మూడు గావస్తున్నది...”

“ఉండవయ్యా. వీడు లేకపోతే ఈ ఆట లేదు పెద్దాయనా. ‘దీపం తియ్యి’ అంటారని నేను అనుకుంటానా, వీడొచ్చి ‘గా మూలకున్న దీపం జర తీసుకుంట సార్’ అంటాడు. మిషన్ బిక్కమొహం వేస్తుంది. అందుకని వీడన్నవన్నీ రాసుకుని అచ్చులు చేశాను.”

“అచ్చులంటే? బెల్లం అచ్చులా?”

“అలాంటివే, మాటలు పోసే అచ్చులు. ఈ కార్డు చూడండి. ఒక చుక్క గుర్తు, ‘దీపం’, మళ్ళీ చుక్క, ‘తీ’, మళ్ళీ చుక్క. చుక్క ఉన్నచోట ఏ మాటైనా రావచ్చు, ఎన్నైనా రావచ్చు. మిషన్ పట్టించుకోదు. దీపం ఒకటి, తీయడం ఒకటి, రెండూ వరసలో దొరికితే చాలు, అచ్చులో పడ్డట్టే.”

“మిగిలిన మాటలు ఏడికి పోతయి?”

“చుక్కలోకి పోతాయి.”

“చుక్క మింగుతదన్నట్టు.”

“భలే అన్నారు! సరే, ఆడండి. ఇదిగో, కొడుతోంది... ‘మీరు కోట వాకిట్లో ఉన్నారు. ఎదురుగా పాత బావి. లోపలికి మెట్లున్నాయి. ఏం చేస్తారు?’”

“ఏం జేస్త? ముసలోన్ని. పాత బాయిల దిగే పని నాతోని గాదు సారూ.”

“కొడుతున్నా. ‘పాత బావిలో దిగే పని నాతో కాదు’. ఆ, చదువుకుంటోంది... వచ్చింది. ‘మీరు బావిలో దిగారు. మెట్లు విరిగాయి. మీ ఆట ముగిసింది.’”

“ఓ సారూ! నాతోని గాదంటి గద! నేను గాదంటుంటె మెడవట్టి దింపి సంపింది! హహ్హ... మా పోలీసు పటేలు లెక్కనే ఉన్నది నీ మిషను. ఆయన గూడ గట్లనే, మనం అనంది ఇంటడు.”

“ఉండండి, ఉండండి. అచ్చులో చిన్న లొసుగు. రేపటిలోగా సరిచేస్తాను.”

“సార్.”

“ఏంటి సత్తయ్యా?”

“మా ఫారాలకు ఏ అచ్చులు పెట్టిండ్రు?”

“అవి వేరు.”

“ఏరేయా?”

“వేరేవే. ఆటకీ భూములకీ సంబంధం ఏమిటి?”

“కార్డుల డబ్బలు మోసేది నేను సార్. విశాలాక్షమ్మ కాడికెల్లి ఫారాల కార్డులు తెచ్చిన, రెండు డబ్బలు. అచ్చుల డబ్బ కొత్తది ఒక్కటి గూడ తేలే. మా ఫారాలకు ఆట అచ్చులే పెట్టిండ్రా?”

“సత్తయ్యా, అరవకు.”

“అరుస్తలేను. అడుగుతున్న.”

“టైము లేదయ్యా! నాలుగూళ్ళవి ఆరువందల ఫారాలు, నాలుగు రోజుల్లో కావాలన్నారు. నడుస్తున్న అచ్చులు చేతిలో ఉండగా కొత్తవి ఎప్పుడు చెయ్యను? దీపం ఉన్నచోట భూమి పెట్టాను. తీయడం ఉన్నచోట ఇవ్వడం పెట్టాను.”

“చుక్కలు?”

“చుక్కలు అలాగే ఉన్నాయి.”

“‘నా పానం పోయినా సరే భూమి ఇచ్చే ముచ్చట లేదు.’ మా చిన్నాయన మాట సార్ ఇది. భూమి దొరికింది. ఇచ్చే దొరికింది. పానం ఎటువాయె? ‘లేదు’ ఎటువాయె?”

“నాకు సమజైంది సత్తీ, సారును నిలదియ్యకు. చుక్క మింగింది. గని సారూ, నలుగురు ఇయ్యం అన్నరని రాసిందట గద. ఆ నలుగురిది ఎందుకు మింగలే?”

“వాళ్ళు ఒక్క మాటే రాశారు పెద్దాయనా. ‘ఇవ్వను’. దానికి అచ్చు ఉంది.”

“అంటే గట్టిగ వద్దన్నోళ్ళంత ఇస్తమన్నట్టాయె. సప్పగ అన్నోళ్ళు బతికిండ్రు.”

“చూడు సత్తయ్యా, నన్నలా చూడకు. ఈ చుక్కల సలహా ఎవరిది? ‘మావోళ్ళు పది మాటలు మాట్లాడితే పనికొచ్చేటియి రెండే సార్, మిగతా చెత్తంత అవుతల పారెయ్యుండ్రి’ అని ఇదే కుర్చీలో కూర్చుని ఎవరన్నారు?”

“అది ఆటకన్న సార్.”

“నేనూ ఆటకే పెట్టాను మొదట.”

“తర్వాత మా మెడకు పెట్టిండ్రు.”

“మెల్లగా! పక్కగదిలో మనుషులున్నారు. ఆరునెల్లుగా మిషన్ మీద ఆట ఆడుతున్నానని పైవాళ్ళకు తెలియదు. రేపు చూపించాకే చెబుదామనుకున్నాను. ఇప్పుడు లిస్టు తప్పంటే ఎందుకు తప్పంటారు, అచ్చులు ఎక్కడివంటారు. నా ఉద్యోగం ఏం కావాలి?”

“మీ ఆట ముచ్చట మా నోట్లకెల్లి రాదు సారూ. నా మాట ఇను. తప్పయింది, దిద్దుకుందం. అంతే.”

“దిద్దుకునుడు అల్కగ అయితది చిన్నాయనా. సార్, ఇంకొక్క అచ్చు ముందల పెట్టుండ్రి. ‘లేదు’, ‘కాదు’, ‘వద్దు’, ఇందులకెల్లి ఏది కనబడ్డా ఇయ్యం అన్నోళ్ళల ఎయ్యమనుండ్రి. పది నిమిషాల పని. కార్డులు నేనందిస్త.”

“‘నాకు అభ్యంతరం లేదు’ అని రాసినవాడిని ఏం చేస్తావు? వాడు ఇస్తానంటున్నాడు. నీ అచ్చు వాడిని కూడా ఇవ్వనివాళ్ళలో వేస్తుంది.”

“ఎయ్యనియ్యుండ్రి!”

“అదేందిరా సత్తీ? ఇస్తమన్నోన్ని ఇయ్యనోళ్ళల కలుపుతె మనం గూడ ఆ కొండలరావు లెక్కనే అయితం గద. వద్దు సారూ. మిషన్ వద్దు, అచ్చు వద్దు. మావి నలభై మూడే గద. కట్ట ఇప్పు. ఒక్కొక్కటి సదువు.”

“అదే నయం. అరగంట పట్టదు. చేత్తో చదివి, ఈ ఊరి కార్డులు మళ్ళీ కొట్టి పెడతాను. మిషన్ సరిగ్గా చదవలేదని కాదు, కార్డులు తారుమారయ్యాయని చెబుతాను. మిగతా మూడూళ్ళ లిస్టులకు ఇంకా గడువుంది, అవీ చేత్తోనే చూస్తాను. సత్తయ్యా, బీరువా తాళం తియ్యి.”

“తాళంచెవి ఇంట్ల మర్చిపోయిన సార్.”

“నీ మొలతాడుకే ఉందిగా.”

“ఇది... ఇది వేరేది.”

“రోజూ దాంతోనే తీస్తావు కదయ్యా. ఏమైంది నీకు? ఇందాకటి దాకా పీకల మీద కూర్చున్నావు, ఇప్పుడు కాళ్ళు ఈడుస్తున్నావు.”

“తియ్యి కొడకా. పొద్దువోతున్నది.”

“తీస్త, తీస్త. నేను సదువుత సార్, మీరు గీతలు గియ్యుండ్రి.”

“నేనే చదువుతాను, నీకు తడబడుతుంది. నువ్వు గీతలు గియ్యి. ఈ కార్డు వెనక. ఇటు ఇవ్వనివాళ్ళు, అటు ఇచ్చేవాళ్ళు. ఒకటి, సాలమ్మ. ‘ఎవరు చెప్పినా వినను, భూమి ఇచ్చే ఆలోచన లేదు.’”

“శెభాష్ సాలమ్మ! గియ్యి సత్తీ.”

“రెండు, దానియేలు. ‘భూమి ఇవ్వడానికి సమ్మతమే.’”

“వానికేంది, రైల్వేల నౌకరి, మెట్టుగూడల క్వార్టరు. వానికి నాగలి ఏదో కర్రు ఏదో ఎర్కనా? ఇంకోటి సదువు సారూ.”

“మూడు, ఉప్పలమ్మ. ‘మంచి ధర ఇస్తే భూమి ఇస్తాను.’”

“ఎవలు? ఉప్పలమ్మనా? మళ్ళ సదువు.”

“‘మంచి ధర ఇస్తే భూమి ఇస్తాను.’ వేలిముద్ర.”

“మొన్న మా ఇంటి అరుగు మీద కూసొని, ‘మట్టి ముద్ద నోట్ల పెట్టుకొని సస్త గని ఇయ్య’ అని ఏడిసింది గదరా! నా పెండ్లాం నీళ్ళిచ్చి ఊకుంచింది!”

“చిన్నాయనా, ఇంటె మనసు ఖరాబైతది. నువ్వు క్యాంటీన్‌కు పోయి చాయ్ తాగు. అయినంక నేను జెప్త.”

“ఖరాబు గానియ్యి. సదువు సారూ.”

“...పన్నెండు, లచ్చయ్య. ‘నా ప్రాణం పోయినా సరే భూమి ఇచ్చే ముచ్చట లేదు.’”

“గది నాదే. గియ్యి. లావుగ గియ్యి.”

“పదమూడు, ‘ఇవ్వను.’ పద్నాలుగు, ‘ఎన్ని వేలు పోసినా మా తాతల భూమి ఇచ్చేది కాదు.’ పదిహేను, ‘నాకు అభ్యంతరం లేదు, భూమి ఇస్తాను...’”

“సారూ, గోడ గడియారం ఎంతయింది?”

“మూడున్నర దాటింది పెద్దాయనా. ముప్పై ఎనిమిది అయ్యాయి. సత్తయ్యా, గీతలు లెక్క చెప్పు.”

“ఇయ్యం అన్నోళ్ళు ఇరవై మంది సార్. ఇస్తమన్నోళ్ళు పద్దెనిమిది.”

“ఇంక ఇద్దరుంటే సాలు. ఐదు కాగితాలున్నయి. సదువు, సదువు.”

“ముప్పై తొమ్మిది, బాలస్వామి. ‘అందరితో పాటు నేనూ భూమి ఇస్తాను.’”

“అందరెవర్రా బాలస్వామీ! ఎవర్ని అడిగినవు?”

“నలభై, రాజలింగం. ‘భూమి ఇచ్చుటకు ఒప్పుకుంటిని.’”

“రాజలింగం! పెద్ద మనిషి! ఊరందరికి నోటీసు సదివి జెప్పింది వాడే!”

“నలభై ఒకటి, బాలలక్ష్మి. ‘పిల్లలున్నారు, భూమి ఇచ్చే స్థితి లేదు.’”

“ఇరవై ఒకటి! ఆడమనిషి నిలవడ్డది. గియ్యి సత్తీ, ఆగినవేందిరా?”

“గీస్తున్న చిన్నాయనా.”

“నలభై రెండు, ఉమాపతి. ‘ఇస్తాను.’”

“వానిది ఎర్కనే. సీతాఫల్‌మండిల ఇల్లు గట్టుకుంటున్నడు. ఎంతెంతయినయి?”

“ఇరవై ఒకటి. ఇరవై ఒకటి.”

“ఇంక ఒక్కటే గద! ఎవరిది సారూ ఆఖరుది? ఆగు, ఆగు. సత్తీది గద! నీదింక సదవనే లేదు గదరా! హమ్మయ్య. పానం నోట్లకొచ్చింది ఇప్పటిదాక. ఇగ ఒడిసింది పో. ఊరు బతికింది.”

“అదిగో, జీపు వచ్చినట్టుంది.”

“చిన్నాయనా, నువ్వు ఉరికి డ్రైవర్‌ను జర ఆగుమని చెప్పు. మేం రాసి తెస్తం.”

“నీది ఇన్నంక పోత.”

“నాదేమున్నది ఇనడానికి...”

“ఇరవై రెండోడివి నువ్వే గద కొడకా. ఇని పోత. పోయి సాలమ్మకు జెప్త, బాలలక్ష్మికి జెప్త, మా సత్తిగాడే ఆఖరికి గట్టెక్కిచ్చిండని. ఉప్పలమ్మకు గూడ జెప్త, సిగ్గువడనీ.”

“నలభై మూడు... సత్తయ్యా.”

“సార్, మొత్తం సదవకుండ్రి.”

“ఇది...”

“మీకు దండం పెడ్త. ఒక గీత గీస్తె అయిపోతది. ఇటుదిక్కు. నేనే గీస్త.”

“ఏమున్నది సారూ దాంట్ల? ఎందుకు ఆగినవు?”

“దీన్ని మిషన్ సరిగ్గానే చదివింది పెద్దాయనా.”

“అంటే?”

“‘నా భూమి ఇచ్చుటకు నాకు పూర్తి సమ్మతము.’ కింద వేలిముద్ర కాదు. సంతకం.”

“సత్తీ.”

“చిన్నాయనా, ఇను...”

“నువ్వా?”

“నలభై ఇద్దరు వద్దంటరనుకున్న చిన్నాయనా. నా ఒక్కనితోని ఏమయితది అనుకున్న. ఒక్క సంతకం పెడ్తె యూనివర్సిటీల పర్మనెంటు జేపిస్తమని ఆఫీసోళ్ళు అన్నరు. ఇరవై ఏండ్ల సంది దినకూలీ. మీరందరు వద్దంటె భూమి ఎటువోదు, నౌకరి నాకుంటది, ఎవలకు నష్టం అనుకున్న.”

“ఉప్పలమ్మ గూడ గట్లనే అనుకున్నదేమో. బాలస్వామి గూడ.”

“సార్, చింపుండ్రి. మీ కాళ్ళు మొక్కుత. ఖాళీ ఫారం ఒక్కటియ్యుండ్రి, ఇప్పుడే రాస్త. ఒక్కటే మాట రాస్త, ‘ఇవ్వను’ అని.”

“ఖాళీ ఫారాలు నా దగ్గర లేవు. ఉన్నా దీని మీద ఆఫీసు ముద్ర ఉంది, నంబరు ఉంది. నకలు వాళ్ళ దగ్గరుంది.”

“ఏదైనా ఒకటి చెయ్యుండ్రి!”

“ఏం చెయ్యను సత్తయ్యా? హారన్ కొడుతున్నాడు. ఒకసారి మాటలు పారేసి పదిహేడుమంది గొంతు కోశాను. ఈసారి కాగితం మీద ఉన్నది ఉన్నట్టే కొడతాను... పేరు, నంబరు, సమ్మతము. కింద గడి మీద సిరా అలుక్కుపోయింది, కనబడటం లేదు. విస్తీర్ణం ఎంత?”

“సార్...”

“జెప్పు బిడ్డా. సారు అడుగుతున్నడు గద. మీ నాయిన, నేను ఒక ఎండకాలమంత రాళ్ళేరి సాపు జేసిన చెలక. కొలిచినప్పుడు గొలుసు కొస నువ్వే పట్టుకున్నవు. జెప్పు, ఎంత?”

“ఎకరం ఇరవై ఆరు గుంటలు.”